మార్కెట్ పడినప్పుడు ఆగగలిగింది ఎవరు?

షేర్ల ధరలు కుప్పకూలినప్పుడల్లా మదుపరులకు వినిపించే సలహా ఒకటే: కంగారు పడకండి, ఆగండి. మంచి మాటే. కానీ మన మార్కెట్ చరిత్ర తిరగేస్తే, ఆగగలగడం గుండెధైర్యం కన్నా చేతిలోని సొమ్ము ఎవరిదన్న దాని మీదే ఎక్కువ ఆధారపడిందని నాకనిపిస్తుంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు అందకుండా పోయింది. మన పత్తికి గిరాకీ పెరిగి బొంబాయిలోకి డబ్బు వరదలా వచ్చింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వంటి వ్యాపారుల చుట్టూ కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్ బే కంపెనీ 5,000 రూపాయల షేరు 50,000 దాకా ఎగబాకింది. చాలా బేరాలు వాయిదా బేరాలే. 1865 జులై 1న సొమ్ము చెల్లిస్తామన్న మాట మీద సాగినవే. ఆ ఏప్రిల్‌లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడింది. గడువు రోజు వచ్చేసరికి చెల్లించగలిగినవారు కరువయ్యారు. షేర్ల తాకట్టు మీద విరివిగా అప్పులిచ్చిన బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా చివరికి మూతపడింది. అంత అప్పు నెత్తిన పెట్టుకున్నవాణ్ణి ఓపిక పట్టమని ఏం చెబుతాం? గడువు ఆగదు కదా. పదేళ్లకు, 1875లో, దలాళ్లు సంఘం పెట్టుకుని కట్టుబాట్లు రాసుకున్నారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్.

1992లోనూ పతనానికి మూలం పరుల సొమ్మే. బ్రోకర్ హర్షద్ మెహతా షేర్లలోకి మళ్లించింది బ్యాంకుల సొమ్ము. ఏప్రిల్ 23న ఆ సంగతి బయటపెడుతూ పాత్రికేయురాలు సుచేతా దలాల్ కథనం వెలువడింది. 28న ఒక్కరోజే బొంబాయి మార్కెట్ సూచీ సెన్సెక్స్ దాదాపు 13 శాతం పడింది. అమ్మి బయటపడడమూ తేలిక కాదు; అప్పట్లో షేరంటే కాగితం. అమ్మాలంటే సర్టిఫికెట్‌కు బదిలీ ఫారం జోడించి, సంతకం పెట్టి పంపాలి. సంతకం తేడాగా ఉందని కాగితాలు తిరిగొచ్చేవి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధ అధికారాలు ఆ ఏడాదే దక్కాయి. 1996లో షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డిపాజిటరీ వచ్చాక కాగితాల బెడద తగ్గుతూ వచ్చింది. అయితే ఆగినవారికి ఫలితం వెంటనే దక్కలేదు. 1992 ఏప్రిల్‌లో 4,400 దాటిన సూచీ 2003 ఏప్రిల్‌లో మూడువేల దగ్గరే ఉంది. పదకొండేళ్లు! ‘మార్కెట్ ఎప్పుడైనా లేస్తుంది’ అని ధీమాగా చెప్పేవారు ఈ లెక్కను దాటవేయకూడదు.

సూచీ కోసం ఆగడం వేరు, ఒకే కంపెనీని పట్టుకుని వేలాడడం వేరు. ఆ తేడా హైదరాబాద్‌కు 2009 జనవరి 7న తెలిసింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ రాసిన రోజది. అంతకుముందు ఏడాది 500 దాటిన షేరు 40 రూపాయల దరికి జారింది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను రుణదాతలు అప్పటికే అమ్మేసుకున్నారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఒక్కో షేరుకు 58 రూపాయలిచ్చి కంపెనీని చేజిక్కించుకుంది.

2020 మార్చి 23న, కరోనా భయాల మధ్య, పది శాతం పతనానికి ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. తిరిగి మొదలయ్యాక ఇంకా పడి, 13 శాతం నష్టంతో సెన్సెక్స్ 25,981 దగ్గర ముగిసింది. నవంబరుకల్లా పాత శిఖరాన్ని దాటేసింది. సొంత డబ్బుతో కొని, లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున ఆగినవారికి అంతా తిరిగొచ్చింది; మార్జిన్ మీద, అంటే బ్రోకర్ అప్పుతో, కొన్నవారికి ఆ ఎనిమిది నెలల వ్యవధి దొరకలేదు.

ఆ తర్వాత కోట్లమంది కొత్తగా డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. వారిలో చాలామంది నేరుగా ఫ్యూచర్స్, ఆప్షన్లలోకే దిగారు; కొద్ది సొమ్ముతో పెద్ద బేరం, దానికో గడువు. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో అక్కడ ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఆ మూడేళ్లలో సూచీ మాత్రం మొత్తం మీద పెరిగింది.