ఉయ్యాల పాటా, డీజే పెట్టే, నా చెవులూ

జనగామలో సద్దుల బతుకమ్మ నాటి రాత్రి. గుడి గోడ వెనక చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డాను. యాభై దాటిన మనిషిని. మా అమ్మ వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. "పండుగ పూట గట్లనా చెవులు మూసుకునేది? గౌరమ్మకు కోపమొస్తదే" అంది. ఆమె మాట సగమే వినబడింది. గోడకు అవతల నిలువెత్తు నల్ల పెట్టెల్లోంచి పాట వస్తోంది. నిజానికి పాట కాదు, దాని కింది దెబ్బ. అది చెవిలోంచి కాక పక్కటెముకల్లోంచి లోపలికొస్తుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే సన్నని శబ్దాలు కొంత తగ్గుతాయి గానీ ఆ మంద్రపు మోత తగ్గదు. గోడలను కూడా అదే సులువుగా దాటి వస్తుంది.

నాకు పదమూడో ఏటినుంచి మైగ్రేన్. శబ్దం నాకు పెద్దగా వినిపించడం కాదు, గుచ్చుకుంటుంది. స్టీలు గిన్నె కింద పడితే పంటి నరం లాగినట్టుంటుంది. మైగ్రేన్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు చెబుతారు. అయినా మన ఇళ్లలో దానికున్న పేర్లు సుకుమారం, వగలు, పని తప్పించుకునే ఎత్తు. పుట్టింట్లో మొదటిది, అత్తగారింట్లో మిగతా రెండూ విన్నాను. అందుకే చాలాకాలం నాకు పాటే పడదనుకున్నాను.

అది నిజం కాదని తెలియడానికి చిన్నప్పటి బతుకమ్మను మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. ఎంగిలిపూల నాటినుంచి తొమ్మిది రోజులూ ఆ వలయంలో నేనున్నాను. ఒక్కరోజు కూడా తలనొప్పితో వెనక్కి రాలేదు. ఎందుకు? ఆ పాట కట్టుబాటే అలాంటిది. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ప్రతి చరణం చివరా "ఉయ్యాలో" ఎప్పుడొస్తుందో చెవికి ముందే తెలుసు. చప్పట్లకు ముందు చేతులు కిందికి వంగడం కంటికి కనిపిస్తుంది. హఠాత్తుగా వచ్చేదంటూ ఏదీ లేదు. పాడేవాళ్ల ఊపిరి ఎంతో పాట మోత అంతే. ఎత్తుకున్నామె అలసిపోతే పాటా తగ్గుతుంది. నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేస్తే నాకు సరిపడినంత పాటే నా దగ్గరికొచ్చేది.

ఆ వలయంలోనే అత్తింటి ఆరళ్లు, పుట్టింటి బెంగ కూడా పాటయ్యాయి. సాయుధ పోరాట కాలంలో సంఘం కబురు కూడా ఉయ్యాల బాణీలోనే ఊళ్లు తిరిగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను ఈ మధ్య మళ్లీ చదివాను. పాలకుర్తి ఐలమ్మ వంటివాళ్ల ఎదురుగా కూర్చుని వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాసుకున్న పుస్తకమది. ఈసారి నన్ను ఆపింది అందులోని పోరాటం కాదు, ఆ వినడం. అంత ఓపికగా వినాలంటే చుట్టూ కొంత నిశ్శబ్దం కావాలి కదా.

మైకు వచ్చినప్పుడు పాట ఇంకా మా గొంతుల్లోనే ఉంది. క్యాసెట్టు రాగానే ఎత్తుకునే మనిషి అవసరం పోయింది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. 2016 దసరా నాడు, అక్టోబరు 11న, పాత వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. పండుగకు వేదికలు, లైట్లు, పెద్ద పెట్టెలు వచ్చాయి. గౌరవం దక్కిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏటా పండుగ ముందు యూట్యూబులో కొత్త ప్రైవేటు పాటలు వస్తున్నాయి. 2021లో ఏ.ఆర్. రహమాన్ కూడా ఒక బతుకమ్మ పాటకు సంగీతం చేశాడు. కొత్త పాట తప్పని నేననను. పాత పాటలూ ఒకప్పుడు ఎవరో కొత్తగా కట్టినవే. కానీ వలయంలో ఉన్నది ఆడవాళ్లు, మోత పెంచే మీట ఉన్నది వలయం బయట నిలబడ్డ ఒక కుర్రాడి చేతిలో. అలిసిపోయిన ఆడవాళ్లను చూసి పెట్టె ఆగదు.

భూపాలపల్లిలో మా చెల్లెలింట్లో ఉన్నప్పుడు ఇంకో సంగతి అర్థమైంది. అక్కడ ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లుంటాయి. కిటికీలు అదురుతాయి. ముందు సైరన్ మోగుతుంది కాబట్టి నేను పళ్లు బిగించి సిద్ధంగా ఉంటాను. రాత్రి ఊరేగింపు డీజేకి సైరన్ ఉండదు.

ఇక్కడ నన్ను నేనే అనుమానించుకోవాలి. "మోత" అని ఫిర్యాదు చేసే నాలాంటివాళ్ల వేలు ముందు ఎవరి డప్పు మీదికి వెళ్తుందో మనకు తెలుసు. డప్పు చప్పుడు వేళ్లు నరికించే నేరం కాదని చెప్పడానికే మాదిగలు ఎంత కొట్లాడాల్సి వచ్చిందో కూడా తెలుసు. డప్పు కూడా నా చెవికి భారమే. కాకపోతే డప్పు నడుస్తూ వచ్చి నడుస్తూ పోతుంది. కొట్టేవాడి భుజం నొప్పి పుడుతుంది. ఒగ్గుకథ డోలూ అంతే. జనగామ దగ్గర మాణిక్యాపురం చుక్క సత్తయ్య కథ చెప్పేటప్పుడు కథ మాట రాగానే డోలు తగ్గి దారిచ్చేది. 2017 నవంబరులో ఆయన పోయాక నేను తలచుకున్నది ఆ తగ్గడాన్నే.

నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. రాత్రి పదినుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు ఆపమన్న 2005 జూలై 18 నాటి సుప్రీంకోర్టు తీర్పును చాలామంది చదువుకున్నవాళ్ల నిద్ర సుఖం కోసం వచ్చిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, చదివేదాకా. ఆ పిటిషన్ వెనక పదమూడేళ్ల పిల్ల ఉంది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన వార్త. ఆమె మీద అత్యాచారం జరుగుతుంటే పక్కనే లౌడ్‌స్పీకర్‌లో మోగుతున్న పాటల్లో ఆమె కేకలు ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రమే ఒళ్లు కాల్చుకుని చనిపోయింది. గుడి గోడ వెనక నిలబడ్డప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది. అమ్మ మాట సగమే వినబడినందుకు భయం వేసింది అందుకే. 2005 అక్టోబరులో, పండుగలకు ఏడాదిలో పదిహేను రోజుల వరకు అర్ధరాత్రి దాకా అనుమతించుకునే అధికారం రాష్ట్రాలకుండవచ్చని అదే కోర్టు ఒప్పుకుంది.

మానుకోటలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి హాస్టలు ఆవరణలో బతుకమ్మ ఆడుతుండగా కరెంటు పోయింది. నేను ఎప్పటిలా దూరంగా మెట్ల మీదున్నాను. పిల్లలు ఉసూరుమన్నారు. ఎవరో పాత పాట ఎత్తుకోబోతే రెండో చరణం ఎవరికీ రాలేదు. అప్పుడొక తండా పిల్ల, తీజ్ పాటలు బాగా పాడే పిల్ల, అంతసేపూ పెట్టెలో మోగిన ఆ కొత్త పాటనే ఒట్టి గొంతుతో ఎత్తుకుంది. మిగతావాళ్లు చప్పట్లతో అందుకున్నారు. ఏడాదంతా ఊరంతా మోగిన ఆ పాటలో చెల్లెల్ని పిలవడానికి వచ్చిన అన్న ఉన్నాడని, ఆమె వాకిట్లో నిలబడి ఉందని నాకు అప్పుడు తెలిసింది. మెట్లు దిగి వెళ్లాను. పదకొండో చప్పట్లకో పన్నెండో చప్పట్లకో కరెంటు వచ్చింది.