కైరోప్రాక్టిక్: ఒక హస్తచికిత్స చరిత్ర

నడుము పట్టివేయడం మానవజాతికి కొత్త బాధ కాదు. నీళ్ల బిందె ఎత్తిన ఇల్లాలికి, బస్తా మోసిన కూలీకి, రోజంతా కుర్చీలో కూర్చున్న గుమాస్తాకు అది ఒకే తీరున వస్తుంది. 2020వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడినట్లు పరిశోధకులు అంచనా వేసినారు. ఈ నొప్పి ఎంత ప్రాచీనమో, దానిని చేతితో నొక్కి, లాగి, తిప్పి పోగొట్టవలెనన్న ప్రయత్నమూ అంత ప్రాచీనమే. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథాలలోనే రోగిని బల్లపై పరుండబెట్టి వెన్నెముకను సాగదీసే పద్ధతి వర్ణింపబడి ఉన్నది.

ఇంగ్లండులో ఈ విద్య వైద్య కళాశాలల వెలుపల, ఎముకలు సరిచేసే కుటుంబాలలో తండ్రి నుండి బిడ్డకు సంక్రమించినది. పుత్తూరు కట్టును ఎరిగిన మన శ్రోతలకు ఇట్టి వంశపారంపర్య నైపుణ్యాన్ని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పుత్తూరు ప్రసిద్ధి ముఖ్యంగా విరిగిన ఎముకల విషయంలో. ఇంగ్లండులోని వారు పట్టివేసిన కీళ్లను కూడా ఒక్క కుదుపుతో సడలించేవారు. వారు నయం చేసే బాధలు ఏవి అన్న విషయం మీద ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్ 1867లో ఉపన్యాసమే ఇచ్చినాడు. వారి వలన కలిగే కీడును విస్మరింపక, వారి నుండి గ్రహింపదగినదానిని గ్రహింపుడని అతడు తోటి వైద్యులకు బోధించినాడు. ఆ సలహాను పాటించినవారు కొద్దిమందే.

ఈ హస్తచికిత్సకు అమెరికాలో ఒక కొత్త పేరు, దానితోపాటు ఒక పెద్ద సిద్ధాంతము ఏర్పడినవి. 1845లో కెనడాలో జన్మించిన డేనియల్ డేవిడ్ పామర్ అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్టు పట్టణంలో అయస్కాంత చికిత్స పేరిట రోగులను చూచేవాడు. 1895 సెప్టెంబరులో హార్వీ లిలార్డు అనే భవన సేవకుని వెన్నుపూస ఒకటి పక్కకు జరిగినదని గుర్తించి, దానిని నొక్కి సరిచేయగా, ఏండ్ల తరబడి పోయిన వినికిడి అతనికి తిరిగి వచ్చినదని పామర్ ప్రకటించినాడు. వినికిడిని కలిగించే నరము చెవి నుండి కపాలం లోపలనే మెదడును చేరుతుంది, వెన్నెముక గుండా పోదు. కనుక ఈ కథను వైద్యులు ఆనాటి నుండి ప్రశ్నిస్తూనే ఉన్నారు.

పామర్‌కు మాత్రము సందేహం కలగలేదు. నూటికి తొంభై అయిదు రోగాలకు మూలం వెన్నుపూసలు స్థానం తప్పడమేనని అతడు నిర్ణయించినాడు. ఆ స్థానభ్రంశానికి సబ్‌లక్సేషన్ అన్న పేరు స్థిరపడినది. చేయి, పని అన్న అర్థాలిచ్చే రెండు గ్రీకు పదాలను కలిపి చికిత్సకు కైరోప్రాక్టిక్ అని పేరు సమకూర్చినవాడు అతని మిత్రుడైన ఒక క్రైస్తవ మతాచార్యుడు. 1897లో డావెన్‌పోర్టులోనే పామర్ విద్యాలయం వెలసినది.

నొప్పిని తగ్గించే ఒక చేతిపని సర్వరోగనివారిణిగా ఎందుకు పెరిగినది? పామర్ అత్యుత్సాహం ఒక కారణం. రెండవ కారణం న్యాయస్థానంలో ఉన్నది.

అనుమతిపత్రం లేక వైద్యం చేసినాడన్న నేరంపై 1906లో పామర్‌నే చెరసాలలో పెట్టినారు. కొన్ని దినాలు గడిచిన పిమ్మట అతడు జరిమానా చెల్లించి బయటికి వచ్చినాడు. మరుసటి సంవత్సరం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లా క్రాస్ పట్టణంలో షెగటారో మోరికుబో అనే జపాను దేశీయునిపై ఇటువంటి అభియోగమే వచ్చినది. కైరోప్రాక్టిక్ వైద్యశాస్త్రంలో భాగం కాదని, దానికి ప్రత్యేక శాస్త్రము, ప్రత్యేక కళ, ప్రత్యేక తత్త్వము కలవని అతని న్యాయవాది టామ్ మోరిస్ వాదించినాడు. జ్యూరీ మోరికుబోను నిర్దోషిగా విడిచినది.

ఈ విజయం సామాన్యమైనది కాదు. ఆ తరువాత ఎందరో అదే వాదనను ఆశ్రయించినారు. సిద్ధాంతం వారికి డాలు అయినది. కాని ఒకసారి చేపట్టిన డాలును దింపడం వారికి కష్టమైనది. మేము నడుము నొప్పికి చేతి చికిత్స చేసేవారము మాత్రమే అని ఒప్పుకొంటే, అనుమతి లేని వైద్యులుగా శిక్షింపబడే భయం ఉన్నది. చట్టం నుండి కాపాడిన మాటయే విజ్ఞానశాస్త్రం ఎదుట వారికి భారమైనది.

ఆ సిద్ధాంతాన్ని ఇంటింటికీ చేర్చడంలో రేడియోకు కూడా భాగం ఉన్నది. పామర్ కుమారుడు, బి. జె.గా ప్రసిద్ధుడైన బార్ట్‌లెట్ జాషువా పామర్, 1922లో డబ్ల్యు.ఓ.సి. అనే ప్రసార కేంద్రాన్ని సంపాదించి విద్యాలయంలోనే నెలకొల్పినాడు. ఆ మూడక్షరాలకు కైరోప్రాక్టిక్ అద్భుతాలు అన్న అర్థం చెప్పేవారు. తరువాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ 1932లో క్రీడా వ్యాఖ్యాతగా పని ప్రారంభించినది ఈ కేంద్రంలోనే. రేడియోలో పనిచేసే మాబోటివారికి ఈ ఘట్టము ఆలోచింపదగినది. వినిపించే కంఠం నిబ్బరంగా ఉన్నంత మాత్రాన వినిపించే విషయం సత్యం కానక్కరలేదు. శ్రోత మమ్మల్ని నమ్మి తన ఇంటిలోనికి రానిచ్చినప్పుడు, మా బాధ్యత మరింత పెరుగుతుంది.

చట్టపరమైన గుర్తింపు క్రమంగా లభించినది. పామర్ మరణించిన 1913లోనే కాన్సస్ రాష్ట్రం తొలి చట్టం చేసినది. 1974లో లూసియానా చట్టంతో అమెరికా రాష్ట్రాలన్నింటిలో గుర్తింపు పూర్తి అయినది. మరొకవైపు అమెరికన్ వైద్య సంఘం 1963లో నకిలీ వైద్యాన్ని అరికట్టే సంఘాన్ని నియమించి, ఈ వృత్తిని నిర్మూలింపజూచినది. చెస్టర్ విల్క్ మున్నగువారు 1976లో దావా వేయగా, వైద్య సంఘం పోటీని అణచే చర్యలతో చట్టాన్ని అతిక్రమించినదని 1987లో న్యాయమూర్తి తీర్పు చెప్పినారు. అయితే వృత్తిని బహిష్కరించడం అక్రమమని తేలినంత మాత్రాన, దాని సిద్ధాంతం నిజమని తేలినట్లు కాదు.

ఆ పరీక్ష పరిశోధకులది. వారు చెప్పినది ఉభయపక్షాలకూ పూర్తిగా రుచించేది కాదు. మందులు లేని చికిత్సలలో ఒకటిగా వెన్నెముక హస్తచికిత్సను నడుము నొప్పికి ప్రయత్నింపవచ్చునని అమెరికా వైద్యుల కళాశాల 2017లో సూచించినది. దీర్ఘకాలపు నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో కొన్ని పరిమితులతో అట్టి సూచననే చేసినది. కలిగే మేలు స్వల్పము. వ్యాయామం మొదలైన ఇతర పద్ధతుల మేలు వంటిదే. సబ్‌లక్సేషన్ రోగాలకు కారణమన్న మాటకు పరిశోధనల ఆధారం లేదని బ్రిటనులో ఈ వృత్తిని నియంత్రించే మండలియే 2010లో ప్రకటించినది. చికిత్స వేళ వినబడే 'టక్' అన్న చప్పుడు కూడ ఎముక తన స్థానంలో కూర్చున్న చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో హఠాత్తుగా ఒత్తిడి మారి వాయుకుహరం ఏర్పడడానికి సంబంధించిన ధ్వని అది.

ఇంటిలో నొప్పితో బాధపడేవారికి ఈ చరిత్ర వలన ఒక ఉపయోగం ఉన్నది. ఎవరైనా చేతి చికిత్స చేయవచ్చినప్పుడు, నొప్పికా, సమస్త రోగాలకా అని అడిగి తెలుసుకొనవలెను. మధుమేహమును, రక్తపోటును, పిల్లల ఉబ్బసాన్ని వెన్ను నొక్కి కుదురుస్తామనేవారి మాట నమ్మి మందులు మానరాదు. మెడను బలంగా తిప్పడం వలన రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నవి. నడుము నొప్పితోపాటు కాళ్లలో బలహీనత, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, జ్వరం, కారణం లేని చిక్కిపోవడం కనబడినా, పడిన దెబ్బ తరువాత నొప్పి మొదలైనా, ముందుగా వైద్యుని వద్దకే పోవలెను. ఇవేవీ లేని సామాన్యపు నొప్పి చాలామందికి కొద్ది వారాలలో తగ్గుతుంది. మంచం పట్టక, ఓపినంత మేర నడుస్తూ, పనులు చేసుకొంటూ ఉండడమే మేలు.

పాజెట్ 1867లో చెప్పిన మాట నేటికీ పనికివచ్చేదే. చేతి నైపుణ్యంలోని మేలును స్వీకరింతము. ఆ చేతికి తగిలించిన సిద్ధాంతాన్ని మాత్రము పరీక్షించి చూతము.