ఆకాశపు నీలిమ: దుమ్మా, గాలా?

మార్టూరు నల్లరేగడి చేలమీద వేసవిలో దుమ్ము లేచినప్పుడు ఆకాశం తెల్లగా పాలిపోతుంది. మంచి వాన కురిసి తెరపి ఇచ్చాక అదే ఆకాశం చిక్కని నీలంగా కనిపిస్తుంది. ఇట్లా ఎందుకు జరుగుతుంది?

1869లో జాన్ టిండాల్ గాజు గొట్టంలో అతి సూక్ష్మ కణాల మబ్బును కల్పించి, దానిలోకి తెల్లని కాంతిని పంపాడు. పక్కనుంచి చూస్తే మబ్బు నీలంగా కనిపించింది. ఆకాశంలోనూ అట్టి కణాలే కాంతిని చెదరగొడుతున్నాయని తలచారు. తరువాత లార్డ్ రేలీ అయిన స్ట్రట్ 1871లో లెక్క కట్టాడు: తరంగదైర్ఘ్యం సగమైతే కాంతి పదహారు రెట్లు చెదురుతుంది. అందుచేత నీలికాంతి ఎర్రకాంతికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువ చెదురుతుంది. 1899లో ఆయనే మరొక మెట్టు ఎక్కాడు: కణాలతో పనిలేదు, గాలి అణువులే చాలునన్నాడు.

అయితే సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించాడు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ దీనిని పరీక్షకు పెట్టాడు. 1921లో ఇంగ్లండునుంచి ఓడలో తిరిగి వస్తూ, నికల్ పట్టకంతో ప్రతిబింబకాంతిని తొలగించి చూశాడు. నీలం పోలేదు సరికదా, మరింత చిక్కబడింది! నీటి అణువులూ కాంతిని చెదరగొడతాయని ఆయన నిర్ణయించాడు. నీరు ఎరుపును పీల్చుకోవడం కూడా ముఖ్య కారణమని నేడు తెలుసు. ఆ అన్వేషణే 1928లో రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది.

ఇక మార్టూరు సంగతి. దుమ్ము రేణువులు పెద్దవి; అన్ని రంగులనూ ఇంచుమించు సమంగా చెదరగొట్టి ఆకాశాన్ని తెల్లబరుస్తాయి. వాన వాటిని నేలకు దించగానే మనకు కనిపించేది గాలి అణువుల పని. అదే నీలం.