74 డిగ్రీల దగ్గర తీరిన భయం

2025 ఫిబ్రవరి. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారాల కోళ్లు కుప్పలుగా చచ్చిపడ్డాయి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి. బర్డ్ ఫ్లూ అని తేలింది. వైరస్ పేరు హెచ్5ఎన్1.

వైరస్ గోదావరి జిల్లాల్లో ఉంటే, భయం తిరుపతి దాకా వచ్చేసింది. ఆ నెల మన వైపు ఇళ్లలో నడిచిన వాదనలన్నీ ఒక వంటింట్లోకి చేరిస్తే ఇలా ఉంటుంది.

ఆదివారం పొద్దున కొడుకు తోలుతో ఉన్న కోడి తెచ్చినాడు. కిలోంబావు ఉంటుంది. తల్లి గడప దగ్గరే ఆపింది.

"ఎందుకు తెచ్చినావు నాయనా? పేపర్ చూడలేదా?"

"బాగా ఉడికితే ఏమీ కాదంట మా. డాక్టర్లే చెప్తావుండారు."

"అయితే రెండు గంటలు కాల్చు. లేదంటే నేను ముట్టను."

తల్లి భయంలో న్యాయం ఉంది. కానీ చిన్న కోడిని పెద్ద మంటలో రెండు గంటలు ఉంచితే రొమ్ము మాంసం పీచు పీచుగా ఎండిపోతుంది. కొడుకు వేరే దారి పట్టినాడు. కోడిని కొళాయి కింద కడగలేదు; కడిగితే చిందే నీళ్లతో క్రిములు సింకుకూ, పక్కనున్న గిన్నెలన్నిటికీ అంటుకుంటాయి. తడి తుడిచి, లోపలా బయటా ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో రాత్రంతా పెట్టినాడు. ఉప్పు కండలోకి దిగితే కాలేటప్పుడు నీరు అంతగా కారిపోదు. తోలు ఆరితే కరకరలాడుతుంది.

మర్నాడు అల్లం వెల్లుల్లి, మిరియాలు, నెయ్యి రాసి, 200 డిగ్రీల ఓవెన్‌లో కాళ్లు లోపలి వైపుకు ఉండేలా పెట్టినాడు. తొడ ఉడకడానికి ఎక్కువ వేడి కావాలి, రొమ్ముకు తక్కువ చాలు. ముప్పావుగంట దాటినాక వంట థర్మామీటర్‌ను తొడలో, ఎముకకు తగలకుండా గుచ్చినాడు. 66. తలుపు మూసినాడు. ఇంకాసేపటికి 71. తల్లి వచ్చి పక్కన నిలబడింది. 74 దాటింది. రొమ్ములోనూ గుచ్చి చూసి, కోడిని బయటికి తీసినాడు.

"ఇప్పుడు కొయ్యొద్దు మా, పావుగంట ఆగు. రసం కండలోనే ఉండిపోవాల."

పావుగంట ఆగినాక కత్తి దిగింది. పళ్లెంలోకి నీరు కారలేదు. రొమ్ము ముక్క వేళ్లతోనే విడింది. తల్లి మొదటి ముక్క తిని, రెండోది తనే అందుకుంది.

మాంసంలో ప్రతి భాగం 70 డిగ్రీలకు చేరితే ఈ వైరస్ నశిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 74 దాకా వెళ్తే సాల్మొనెల్లా భయమూ ఉండదు. ఆ అంకె దాటాక పెట్టే ప్రతి నిమిషం రుచిని తినేస్తుంది తప్ప కొత్త రక్షణ ఇవ్వదు.

అలాగని అజాగ్రత్త తగదు. ఆ ఏడాది మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఇదే వైరస్‌తో కన్నుమూసింది. పచ్చి మాంసం ముక్క తిన్నదని వార్తలొచ్చాయి. పచ్చి కోడిని పిల్లలకు అందనివ్వకండి. కోసిన కత్తినీ పలకనీ సబ్బుతో కడగండి. చచ్చిన కోడిని, జబ్బు కోడిని ఇంటికి తేకండి. వంటింట్లో ఒక థర్మామీటర్ పెట్టుకోండి. పూర్తిగా ఉడికిన కోడి, మెత్తగా ఉండే కోడి రెండూ ఒకటే కావచ్చు. దానికి కావాల్సింది రాత్రి పట్టించిన ఉప్పు, సరైన వేడి, కొయ్యబోయే ముందు పావుగంట ఓపిక.