సెంటు భూమిని చూపే వస్తువులు: భావనపాడు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో నివేశన స్థలాన్ని లెక్కించే వాడుక ప్రమాణం సెంటు. ఇది ఎకరంలో నూరోవంతు. ఈ చిన్న విస్తీర్ణాన్ని మంచం, చీర, పడవ వంటి నిత్యజీవిత వస్తువులతో పోల్చి గ్రహించడం లెక్క తెలియనివారి ఉపాయమనే అభిప్రాయం ఉంది. అయితే నేలకొలతల చరిత్రలో వస్తువే మొదటి ప్రమాణం, సంఖ్య తరువాత వచ్చింది. సంఖ్య విడిచిపెట్టిన ఆకృతినీ ఉపయోగాన్నీ వస్తువు తిరిగి గుర్తుచేస్తుందని శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరాన్ని నేపథ్యంగా తీసుకుని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: సెంటు, విస్తీర్ణం, గొలుసు, అంకణం, పుట్టి, నివేశన స్థలం, భావనపాడు.

1. ప్రవేశిక

"సెంటు భూమి కూడా లేదు" అనేది తెలుగులో నిరుపేదతనాన్ని చెప్పే మాట. ఎకరం లేదని చెప్పడం వేరు, సెంటు లేదని చెప్పడం వేరు. మొదటిది సేద్యానికి సంబంధించిన లోటు. రెండోది నిలువ నీడకు సంబంధించిన లోటు. ఒక పరిపాలనా ప్రమాణం ఇలా మనిషి స్థితిని తెలిపే నుడికారంగా స్థిరపడడం గమనించదగ్గ విషయం. ఇంత ప్రచారంలో ఉన్నా సెంటు ఎంతో కంటికి కట్టేలా చెప్పమంటే చాలామంది తడబడతారు. 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు, 40.47 చదరపు మీటర్లు అన్న అంకెలు నోటికి వచ్చినా, వాటి వెంట రూపం మనసుకు రాదు. అందుకే స్థలం చూపేవారు "నాలుగు మంచాలు పడతాయి", "బండి తిరుగుతుంది" వంటి మాటలను ఆశ్రయిస్తారు. ఈ మాటల వెనుక ఉన్న చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వస్తువే ప్రమాణమైన కాలం

ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథాలలో "గోచర్మం" అనే భూపరిమాణం కనిపిస్తుంది. దీనికి ఒకచోట దండాల లెక్కన నిర్వచనం ఉంటే, మరొకచోట వృషభంతో కూడిన ఆవులమంద స్వేచ్ఛగా నిలిచే చోటుగా నిర్వచనం ఉంది. నేలను దానిపై నిలిచే ప్రాణులతో కొలవడం ఇందులోని విశేషం. కళింగాన్ని ఏలిన తొలి గాంగుల దానశాసనాలలో "హలం" భూమి ప్రమాణంగా కనిపిస్తుంది. నాగలి అనే పనిముట్టు పేరే అది దున్నగల నేలకు పేరయింది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానభూమిని అందులో చల్లవలసిన కోద్రవబీజాల, అంటే అరికల విత్తనాల, పరిమాణంతో చెప్పే పద్ధతి ఉంది.

ఈ విత్తనపు కొలత తెలుగు వ్యవసాయంలో దీర్ఘకాలం నిలిచింది. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అనేవి ధాన్యపు కొలతలు. పుట్టి, తూము అనే పేర్లే నేలకూ సంక్రమించాయి. పుట్టెడు నేల అన్నప్పుడు ఆ కొలతలో విస్తీర్ణంతో పాటు నేల స్వభావం కూడా ఇమిడి ఉంది. పల్లపు మడికీ మెట్టచేనుకూ చల్లే విత్తనం ఒకటి కాదు కనుక, ఒకే పేరుగల కొలత రెండు చోట్ల రెండు విస్తీర్ణాలను తెలిపేది. నేటి దృష్టికి ఇది లోపంగా తోస్తుంది. సాగుదారు దృష్టిలో మాత్రం ఇది అవసరమైన సమాచారం. అతనికి కావలసింది నేల వైశాల్యం కంటే ముందు దాని శక్తి.

ఇంటి స్థలానికి సంబంధించిన "అంకణం" కూడా ఇటువంటిదే. ఇంట్లో రెండు దూలాల లేదా స్తంభాల నడుమ ఉండే ఖాళీ దాని మూలార్థం. ఇంటి ఎముకల గూడు నుండి పుట్టిన ఈ మాట నెల్లూరు ప్రాంతంలో 72 చదరపు అడుగుల నిర్దిష్ట ప్రమాణంగా స్థిరపడింది. ఆ లెక్కన సెంటు ఆరు అంకణాల పైచిలుకు. జపాన్‌లో గది వైశాల్యాన్ని నేటికీ చాపలతో చెప్పే ఆచారం ఉంది. రెండు తతామి చాపల చోటును "త్సుబో" అంటారు. ఇంగ్లీషు ఎకరం సైతం మొదట ఒక కాడి ఎడ్లు ఒక రోజులో దున్నగల నేల. కాబట్టి వస్తువుతో కొలవడం ఏ ఒక్క సమాజపు వెనుకబాటుతనానికీ గుర్తు కాదు.

3. గొలుసు తెచ్చిన మార్పు

1620లో ఆంగ్ల గణితజ్ఞుడు ఎడ్మండ్ గుంటర్ 66 అడుగుల కొలత గొలుసును ప్రవేశపెట్టాడు. అందులో 100 లింకులు ఉంటాయి. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. ఒక చదరపు లింకు సుమారు 63 చదరపు అంగుళాలు. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు గల ఇటుకను పరిస్తే ఒకటిన్నర ఇటుక ఆక్రమించే చోటు కంటే అది కొద్దిగా ఎక్కువ. సంక్లిష్టమైన ఎకరాన్ని దశాంశాల్లోకి దించిన నేర్పు ఈ గొలుసుది. నూరోవంతుకు సెంటు అనే పేరు ఈ దశాంశ దృష్టికి తగినదే.

మద్రాసు రాష్ట్రంలో 1858 నుండి క్రమబద్ధమైన రెవెన్యూ సర్వే సాగింది. రైతువారీ గ్రామాల లెక్కలలో ఎకరాలు, సెంట్లు స్థిరపడ్డాయి. ఉత్తర కోస్తాలోని జమీందారీ ప్రాంతాల కథ కొంత వేరు. 1802 నాటి శాశ్వత శిస్తు విధానంలో ప్రభుత్వానికి కావలసింది జమీందారు చెల్లించే పేష్కషు. ప్రతి మడి కొలత దానికి అంత అవసరం కాలేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను రైతువారీగా మార్చి, సర్వేను, శిస్తు నిర్ణయాన్ని తప్పనిసరి చేసింది. టెక్కలి ప్రాంతం అంతకుముందే 1936లో గంజాం జిల్లా నుండి విశాఖపట్నం జిల్లాకు మారింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. పాలనా సరిహద్దులు మారుతున్న ఆ కాలంలోనే నేల కొలత కూడా ఏకరూపం పొందుతూ వచ్చింది.

ఈ ఏకరూపత వల్ల మేలు జరిగింది. కొలపాత్రను మార్చి రైతును మోసగించే అవకాశం తగ్గింది. పల్లమైనా మెట్టైనా ఇసుకపర్రైనా సెంటు సెంటే. అయితే అదే కారణం చేత సెంటు నేల గుణాన్నీ ఆకృతినీ ఉపయోగాన్నీ చెప్పడం మానేసింది. తరువాత మెట్రిక్ పద్ధతి వచ్చి, 2.471 ఎకరాలకు సమానమైన హెక్టారు దస్తావేజులలో చేరినా, జనం మాటలో సెంటు చెక్కుచెదరలేదు.

4. భావనపాడు తీరంలో సెంటు

సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు సముద్రతీర గ్రామం. మత్స్యకార జీవనానికి, చేపల రేవుకు అది నెలవు. సమీపంలోని నౌపడ ఉప్పుమళ్లకు ప్రసిద్ధి. ఇదే తీరంలో మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఇటువంటి చోట నేల విలువ ఎకరాల నుండి సెంట్లకు దిగివస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో పేదలకు గ్రామాలలో ఒకటిన్నర సెంటు, పట్టణాలలో ఒక సెంటు చొప్పున పట్టాలు ఇచ్చింది. 2025లో ఆ పరిమాణాన్ని గ్రామాలకు మూడు సెంట్లుగా, పట్టణాలకు రెండు సెంట్లుగా నిర్ణయించారు. ఈ అంకెల అర్థాన్ని తీరవాసి వస్తువులతో పరీక్షించి చూడవచ్చు.

మొదట చీర. ఐదున్నర మీటర్ల పొడవు, మీటరుకు కొంచెం పైగా పన్నా ఉన్న ఆరు చీరలను నేలమీద పక్కపక్కన పరిస్తే సుమారు సెంటు నిండుతుంది. తరువాత మంచం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల మంచం 18 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. భాగహారం ప్రకారం సెంటులో 24 మంచాలు పట్టాలి. కానీ నలుచదరపు సెంటు భుజం 21 అడుగులకు కొద్దిగా తక్కువ. మంచాలన్నిటినీ ఒకే దిశలో వరుసలుగా పరిస్తే 18 మాత్రమే పడతాయి. మంచానికీ మంచానికీ నడుమ నడవడానికి రెండడుగుల దారి వదిలితే ఎనిమిదికి మించవు. ఇరవై నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఉన్న తేడాయే మనిషి మసలే చోటు. వైశాల్యపు లెక్క దాన్ని చూపదు.

ఇక పడవ. ముప్ఫై అడుగుల ఫైబర్ పడవను నలుచదరపు సెంటులో ఏ వాలున పెట్టినా ఇమడదు, ఎందుకంటే ఆ చదరపు కర్ణం 29న్నర అడుగులే. ఒకటిన్నర సెంటు చదరంలో భుజం 25న్నర అడుగులు, కర్ణం 36 అడుగులు. అందులో పడవ మూలమట్టానికి పడుతుంది, ఇక ఇల్లు పట్టదు. మూడు సెంట్ల చదరంలో భుజమే 36 అడుగులు. అక్కడ పడవ ఒక పక్కన ఒదుగుతుంది. మరో విధంగా, అదే ఒక్క సెంటు పదడుగుల వెడల్పున సాగితే దాని పొడవు 43న్నర అడుగులు దాటుతుంది. అప్పుడు పడవ పడుతుంది. విస్తీర్ణం మారలేదు, ఆకృతి మారింది.

పడవ నిజానికి ఇసుకతిన్నె మీదనే ఉంటుంది, ఇంటి స్థలంలోకి రాదు అనే ఆక్షేపణ సమంజసమే. అయితే పడవతో ముడిపడిన వల, ఇంజను, ఆరబెట్టవలసిన చేప చోటు అడుగుతాయి. వల బాగుచేయడానికి దాన్ని పరవాలి. చేప ఎండాలంటే ఒకదానిపై ఒకటి పోయరాదు. తీరంలో ఉమ్మడి నేల ఉన్నంతకాలం ఈ పనులు ఇంటి లెక్కలోకి రావు. రేవు, రోడ్డు, కంచె వంటివి ఆ ఉమ్మడి నేలను తగ్గించినప్పుడు అవి ఇంటి ముంగిలికి చేరతాయి. అందువల్ల మంచంతో కొలిచినవారికి చాలినట్టు తోచిన స్థలం వలతో కొలిచినవారికి చాలదు. ఇద్దరి లెక్కలోనూ తప్పు లేదు. ఎంచుకున్న వస్తువు వేరు.

5. ముగింపు

హలం, పుట్టి, అంకణం అనే పాత కొలతలు నేలను దాని పనితో కలిపి చెప్పాయి. గొలుసు ఆ బంధాన్ని తెంచి, అందరికీ ఒకే న్యాయం చేసే సంఖ్యను ఇచ్చింది. ఈ రెంటిలో ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకోవలసిన అవసరం లేదు. హద్దుల తగవు తీర్చడానికి సంఖ్య కావాలి. ఆ స్థలం బతకడానికి చాలుతుందో లేదో తేల్చడానికి వస్తువు కావాలి. నేలకొలతల పదజాలాన్ని సేకరించే పరిశోధకులు సమాన విలువల పట్టికతో ఆగకుండా, ఏ వృత్తివారు ఏ వస్తువుతో పోల్చుతున్నారో కూడా నమోదు చేయడం అవసరం. సెంటుకు ఎన్ని గజాలో ప్రభుత్వ దస్తావేజు చెబుతుంది. ఆ గజాలలో వల పరిచే చోటు ఉందో లేదో చెప్పగలిగేది వల అల్లే మనిషి మాట.