కరణీకమును వంశహక్కును

కరణశబ్దము కృదంతము. 'కృ' ధాతువుపై ల్యుట్ ప్రత్యయము చేరఁగా నేర్పడి, దేనిచేఁ గార్యము సిద్ధించునో దానిని దెలుపును. తండ్రిని బట్టి కొడుకును జెప్పు నపత్యార్థక తద్ధితము గాదు. స్మృతులయందు జాతివాచకముగా నీ శబ్దము గానవచ్చుచున్నను అది రూఢియే గాని వ్యుత్పత్త్యర్థము గాదు. అట్లయ్యును మన కోనసీమ గ్రామములలోఁ గరణమనఁగా వెనుకటి కరణముగారి కుమారుఁడే యను నర్థము తరతరములుగా నిలిచెను. ఈ యర్థమును జట్టము తొలఁగించిన క్రమము నిందు విచారింతము.

ఆచారముగా నున్న యీ హక్కునకు 1895వ సంవత్సరపు మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము శాసనబలము నొసఁగెను. మునసబు శిస్తు వసూలుచేయును. కరణము లెక్క వ్రాయును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నీ లెక్క సామాన్యమైనది గాదు. గౌతమీ వసిష్ఠా వైనతేయముల వఱద యొక యొడ్డును గోసి వేఱొకచోట మేట వేయును. నిరుడు పొలమైనది యీ యేఁడు నీరగును. నీరైనది లంక యగును. ఎవరి గట్టు ఎచటి దాఁక నుండెనో అడంగలు, చిట్టాలు చూచి చెప్పవలసినవాఁడు కరణమే. ఆ విద్యను దండ్రియొద్దఁ గొడుకు నేర్చెను. అధికారమును నా యింటనే నిలిచెను. నైపుణ్యమున కది హేతువు. తన పొలపు లెక్కను దాను చదువలేని రైతు చదివి చెప్పువానికి లొంగియుండుటకును, చదువుకొన్న యితరుల బిడ్డల కా పదవి యందకుండుటకును నదియే హేతువు.

1948 నాఁటి చట్టముచే జమీందారీలును, 1956 నాఁటి చట్టముచే ఇనాములును రద్దయ్యెను. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 18వ అధికరణముచే బిరుదులను మాన్పి, 16వ అధికరణముచే ప్రభుత్వోద్యోగమున వంశమును బట్టి భేదము చూపరాదనెను. ఆ రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుఁడైన అంబేద్కరు పేరే 2022లో నేర్పడిన మన జిల్లాకు నుండుట గమనింపఁదగినది.

ఈ నియమము గ్రామచావడి కెక్కుటకుఁ బదేండ్లు పట్టెను. తెనాలి తాలూకాలో గ్రామవిభజనచేఁ గ్రొత్తగా నేర్పడిన పెరవలిపాలెమునకు, పాత మునసబు కుమారుఁడని యొకనిని నియమింపఁగా, గాజుల దశరథరామారావు సుప్రీముకోర్టు నాశ్రయించెను. 1895 చట్టమునందలి 6వ విభాగపు మొదటి యుపవిభాగము, వంశమును బట్టి భేదము చూపుచున్నందున, చెల్లదని 1960 డిసెంబరులో న్యాయస్థానము తీర్పు చెప్పెను.

పిదప 1984 జనవరి 6న నందమూరి తారక రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సుచే మునసబు కరణముల పదవులనే రద్దుచేసెను. 1985లో నది చట్టమయ్యెను. న్యాయస్థానమును దానిని సమర్థించెను.

ఈ రెంటికిని భేదము గలదు. 'వంశపారంపర్య గ్రామోద్యోగము' అనుచోట 1960 తీర్పు విశేషణమును ఖండించెను. 1984 ఆర్డినెన్సు విశేష్యమునే తొలఁగించెను. మొదటిది న్యాయ్యమనుటలో సందేహము లేదు. రెండవదానిచేఁ బెక్కు కుటుంబములు జీవిక గోల్పోయెను. లెక్కలెఱిఁగినవారును లెక్కలును వేఱైపోయిరి. గోదావరి మాత్రము గట్టులు కోయుట మానలేదు. కావున నా పని వేఱువేఱు పేళ్లతోఁ దిరిగి పుట్టుచునే యున్నది. క్రియ నిలిచినచోఁ గర్త యవసరమే. అతఁడు యోగ్యతచేఁ గావలెను, పుట్టుకచేఁ గాదు.

హక్కు పోయినను వ్రాఁత పోరాదు. పాత కరణముల యిండ్ల యటకలపై నున్న కవిలెకట్టలలో లంకల జన్మములును, చెఱువుల పేళ్లును, మాన్యముల పూర్వోత్తరములును గలవు. అవి యొక వంశపు సొత్తు గాదు, గ్రామచరిత్రము. చెదలు తినకమునుపే పాఠశాలా పండితులు తమ తమ గ్రామములందు వానికిఁ బ్రతులు వ్రాసి యుంచుట కర్తవ్యము.