చలికాలం చూపులు

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా పెద్దది వీడియో కాల్ చేసింది. చికాగోలో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడ పొద్దున పది. అయినా గదిలో లైటు వేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందట. "చలికాలం వస్తే ఇక్కడ మనుషులు మాయమైపోతారమ్మా. ఎవరి గదిలో వాళ్ళు. పిచ్చెక్కకుండా ఉండాలంటే పంతం పట్టి బయటికి పోవాలి" అంది. మంచిదే, పొమ్మన్నాను. "పోతున్నా. ఒకబ్బాయితో మూడుసార్లు కాఫీకి వెళ్ళా."

"మనవాళ్ళేనా?"

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదీ. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "డేటింగ్ అంటే నువ్వనుకునేదంతా కాదమ్మా. కూర్చుని మాట్లాడుకోవడం, మనిషెలాంటివాడో చూసుకోవడం. మీ కాలంలో ఇవేమీ లేవుగా, నీకు అర్థం కాదులే" అని పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్ల సంగతి ఒకటి. ఆ చివరి మాట ఇంకొకటి. నిజంగా ఏమీ లేవా? తెలుగు బీఏ చదివి, పల్నాట్లో పుట్టి, పల్నాట్లోనే కాపురం చేస్తున్నదాన్ని, ఆ మాత్రం వెతుక్కోలేనా అనిపించింది.

ముందు మా ఊరి చలి గురించి చెప్పాలి. దాచేపల్లిలో తలుపులు మూసుకునేది ఎండాకాలంలో. మాకు దగ్గర్లోనే రెంటచింతల. ఎండలంటే ముందు వినబడే పేరు అది. మే నెలలో పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు, నాపరాళ్ళు పరిచిన ఇల్లు పెనంలా ఉంటుంది. చలి మొదలయ్యాకే మాకు ప్రాణం లేచొచ్చి మనుషుల్లో పడతాం. ఆశ్వయుజంలో అట్లతద్ది ఉయ్యాలలతో మొదలు. కార్తీకంలో నదీస్నానాలు, ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, అమావాస్యకి కారంపూడి. ఆ తర్వాత ధనుర్మాసం, సంక్రాంతి. చివరికి శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. ఈ నాలుగైదు నెలలూ ఆడవాళ్ళు కాలు బయటపెట్టడానికి దేవుడో పంటో ఏదో ఒక సాకు చూపించేది. మా అమ్మాయికి చలి మనుషుల్ని దూరం చేస్తోంది. ఇక్కడ ఎప్పుడూ దగ్గర చేసేది.

మన పుస్తకాలూ ఆ మాటే చెబుతాయి. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతి ప్రాకృతంలో ఉన్న ఏడువందల చిన్న పద్యాల పుస్తకం. అందులో ఎక్కువ గొంతులు పల్లెటూరి ఆడవాళ్ళవి. పత్తిచేను అందులో దొంగచాటుగా కలుసుకునే చోటు! కాలేజీలో మాకు ఇది పాఠంగా రాలేదు, తర్వాత నేనే చదువుకున్నాను. శాతవాహనుల ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి, మా కృష్ణ ఒడ్డునే ఉంది. మా పత్తిచేలు చూసినప్పుడల్లా ఆ పుస్తకం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. పక్కనున్న మావారికి ఎందుకో తెలీదు.

దేవుడి పుస్తకాలకొద్దాం. భాగవతం దశమస్కంధంలో గోపికలు కాత్యాయనీ వ్రతం పట్టింది హేమంతంలో, మార్గశిరంలో. తెల్లవారుజామున చన్నీళ్ళలో మునిగి వాళ్ళు కోరుకున్నదల్లా కృష్ణుడు మొగుడు కావాలనే. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి ఆ వ్రతాన్నే తలుచుకుని తిరుప్పావై పాడింది. ముప్పై పాశురాలు. అందులో ఆరోదాని నుంచి పదిహేనోదాని దాకా ఆమె చేసే పని ఏమిటో గమనించారా? ఇంకా పడుకునే ఉన్న స్నేహితురాళ్ళని ఇంటింటికీ వెళ్ళి లేపడం. అంత చలిలో ఒక్కర్తీ పోదు, అందర్నీ వెంటేసుకుని పోతుంది. ఈ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రాశాడు. తనకి కావలసినవాడెవరో తనే చెప్పుకుని, ఇంకొకర్ని చేసుకోనన్న పిల్లని మనం గుళ్ళో పెట్టి పూజిస్తున్నాం. ఇంట్లో పిల్ల ఆ మాటంటే మాత్రం బీపీ మాత్ర వెతుక్కుంటాం.

ధనుర్మాసంలో పెళ్ళి ముహూర్తాలుండవు. పుష్యం శూన్యమాసం. పెళ్ళిళ్ళన్నీ మాఘంలో. అంటే ముగ్గులనెల మొత్తం పెళ్ళిళ్ళు లేని నెల, కానీ చూపులు నడిచే నెల. కన్నెపిల్లలు వాకిట్లో ముగ్గేసి, ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి, వాటి మీద గుమ్మడిపూలూ బంతిపూలూ గుచ్చి, చుట్టూ తిరుగుతూ పాడేవాళ్ళు. మంచి మొగుడు రావాలనే ఆ గొబ్బి. ఒక ఇంటి గొబ్బి అయ్యాక ఇంకో ఇంటికి. అలా ఊరంతా తిరిగే పిల్లల్ని అరుగుల మీద కూర్చున్న పెద్దాళ్ళు చూసేవాళ్ళు. ఎవరి పిల్ల చురుకు, ఎవరి గొంతు బాగుంది, ఎవరి ముగ్గు తిన్నగా వచ్చింది. అరుగు మీద పెద్దాళ్ళ వెనక కుర్రాళ్ళుండేవాళ్ళని వేరే చెప్పాలా? ఇక పండక్కి బావలు దిగితే సరేసరి. బావామరదళ్ళ మేలమాడటానికి అందరి ఎదుటా అనుమతి ఉండేది.

అయితే ఇదంతా అందరికీ దక్కిందనుకోకండి. మా అమ్మమ్మ వాళ్ళమ్మకి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆవిడ గొబ్బి తట్టేనాటికే మెడలో తాళి ఉంది. మంచి మొగుణ్ణిమ్మని అడిగేదేముంది? శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18. ఆడపిల్లల వయసు 1949లో 15, 1978లో 18 అయింది. చట్టం రాగానే పల్లెల్లో అంతా మారిందని కాదుగానీ, చూపులకంటూ కాస్త వ్యవధి దొరికింది ఆ తర్వాతే.

ఆ వ్యవధి అందుకున్నది మా అమ్మమ్మ. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, తాతయ్య కారంపూడి వీరుల తిరునాళ్ళలో అమ్మమ్మని చూసి ఇష్టపడ్డాడని. కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు జరుగుతుంది ఆ ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరుల కోసం. బాలచంద్రుడు యుద్ధానికి పోతూ భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే కథ వింటూ మా ఆడవాళ్ళు ఇప్పటికీ కళ్ళొత్తుకుంటారు. అమ్మమ్మకి అప్పుడు పదహారేళ్ళు. కోడిపోరు రోజు గుడి దగ్గర గాజులు బేరం చేస్తోందట. ఆవిడ పోయేముందు ఏడాది మంచంలో ఉండగా నాతో అంది. "ఆయన నన్ను చూడటమేంటే? ముందు నేనే చూశా. చూసి, ఆయన నిలబడ్డ కాడికొచ్చి గాజులు బేరం చేశా. ఆ కొట్లో గాజులు నాకు నచ్చనే లేదు."

ఆ తర్వాత ఆ చలికాలమంతా పత్తితీతలకి వాళ్ళ చేలకి దగ్గర్లోనే ముఠా కట్టించుకుందట. మాఘంలో పెళ్ళి. పెద్దాళ్ళు తామే కుదిర్చామనుకున్నారు.

1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళొదిలారు. శ్రీనాథుడంతటివాడు జొన్నకూడు తినలేక విసుక్కున్న సీమ కదా ఇది, కాలవ కింద వరన్నం వచ్చింది, మిరప పెరిగింది. మిరపకల్లాల్లో తాలుకాయలు ఏరే పని పూర్తిగా ఆడవాళ్ళది. మా అత్తగారి పిన్నత్త చిన్నప్పుడే భర్తపోయిన మనిషి. ఏ పేరంటానికీ పిలుపు లేదు, గొబ్బి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. డబ్బు అవసరం లేకపోయినా ఆవిడ చలికాలమంతా కల్లంలోనే కూర్చునేదట. ఊళ్ళో ఆవిడని మనుషుల్లో కలవనిచ్చిన చోటు అదొక్కటే. కారం ఘాటుకి అందరి కళ్ళల్లోనూ నీళ్ళేగా, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదని అనేదట.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. నీళ్ళొచ్చి నాలుగు డబ్బులు చేరిన ఇళ్ళల్లో ఆడపిల్లలు చేలకి వెళ్ళడం మానేశారు. అది పరువు. తర్వాత టీవీ వచ్చింది. మా అమ్మ కాలానికి గొబ్బి మా వాకిలి దాటలేదు. నా కాలానికి ముగ్గులు పోటీలయ్యాయి, స్టేజీ ముందు కుర్చీలేశారు. 2000 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, మావారు నడికుడి స్టేషన్లో రైలు దిగి నన్ను చూసుకోవడానికొచ్చారు. పది నిమిషాలు. "ఏం చదివారు?" అన్నారు. "బీఏ తెలుగు." "మంచిది." అంతే మా మాటలు. ఆయన మంచివారు, నా అదృష్టం. కానీ చదువులేని మా అమ్మమ్మకి ఒక చలికాలమంతా దొరికింది, డిగ్రీ చదివిన నాకు పది నిమిషాలు దొరికాయి. రోజులు గడిచేకొద్దీ ఆడపిల్లకి వెసులుబాటు పెరుగుతూ వచ్చిందని ఇన్నాళ్ళూ నమ్మాను. మా ఇంట్లో అలా జరగలేదు.

ఇంకొక మాట దాచుకుంటే ఈ రాత అబద్ధమవుతుంది. అమ్మమ్మ ఎంచుకున్నా మనవాళ్ళలోనే ఎంచుకుంది. ఆ గీత దాటితే ఏమయ్యేదో ఆవిడకి తెలుసు. కారంపూడిలో బ్రహ్మనాయుడి చాపకూడు కథ చెప్పుకుంటాం, కులం అడక్కుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని. ఏటా ఆ ఉత్సవానికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చినదాన్ని నేను. నా కూతురు మూడు కాఫీలు తాగానంటే ముందు అడిగింది ఆ ఒక్క ప్రశ్న.

బుధవారం నేనే కాల్ చేశాను. అమ్మమ్మ గాజుల బేరం కథ చెప్పాను. నవ్వి నవ్వి దానికి పొలమారింది. "మరి తాతయ్యని మొదట ఏమడిగిందట?" అంది.

"పేరడిగిందట."

"నువ్వింకా అడగలేదు" అంది.

అడిగాను. చెప్పింది. ఏం చదువుతున్నాడో, ఎక్కడివాడో కూడా చెప్పింది. పక్కగదిలో మావారు వార్తలు చూస్తున్నారు, సౌండు పెద్దగానే ఉంది. "నాన్నకి ఎప్పుడు చెబుతావు?" అని గుసగుసగా అడిగింది.

"ధనుర్మాసం పోనీ. కనుమ నాడు గారెలు తిన్నాక చెబుతా" అన్నాను.